కారు ఒకటే, బీమా వేరు

చదువు ముగియగానే ఉద్యోగమునకై ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు తరలిపోవుట అమెరికాలోని మన తెలుగు కుటుంబములకు పరిపాటి. ఒహాయోలో పట్టము పుచ్చుకొన్న యువకుడు మిచిగనులో కొలువున చేరును. టెక్సాసులో కాపురము పెట్టిన దంపతులు కొన్నేండ్లకు న్యూజెర్సీకి పోవుదురు. సామాను లారీ కెక్కును, పిల్లలకు క్రొత్త బడి దొరకును, కారు మాత్రము పాతదే వెంట వచ్చును. దానిని నడుపువారును వారే. ఒక్క ప్రమాదమైనను చేసి యెరుగరు. అయినను క్రొత్త చిరునామా తెలిపిన మరునాడు బీమా కంపెనీ పంపిన లెక్క చూచి నిర్ఘాంతపోవుదురు. మేమేమి తప్పు చేసితిమని వారు ప్రశ్నించుట సహజము.

తప్పు వారియందు లేదు. అమెరికాలో కారు బీమా రుసుము నడుపరిని మాత్రమే చూచి కట్టిన వెల కాదు. అతడు నివసించు రాష్ట్రపు చట్టము, అచ్చటి వీధులు, ఆసుపత్రులు, న్యాయస్థానములు, ఇరుగుపొరుగున కారు నడుపువారు, వీరందరి పాలును అందులో చేరియున్నది. కావున రుసుములో చోటు వలన వచ్చిన భాగమేది, మన చేతిలోనున్న భాగమేది అని వేరుచేసి చూచుకొన్నవారికి కొంత ఊరట దొరకును. అట్లు చూడక, కంటికి కనబడిన అంకెను ఎట్లయినను తగ్గింపబూనినవారు కొండనాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుకను పోగొట్టుకొందురు. ఏది తగ్గింపవచ్చునో, ఏది తగ్గింపరాదో వివరించుటయే మా ప్రసంగ విషయము.

మన దేశమునుండి పోయినవారికి ఈ భేదము వింతగా తోచుటకు కారణము కలదు. ఇతరులకు కలుగు నష్టమునకై కారుకు బీమా ఉండితీరవలెనని 1939 నాటి మోటారు వాహనముల చట్టమును, దాని స్థానమున వచ్చిన 1988 నాటి చట్టమును నిర్బంధించినవి. ఆ నిర్బంధ బీమాకు రుసుము దేశమంతటికి ఒక్కటే. 2022 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన పట్టిక ప్రకారము 1000 సీసీకి మించని యింజను గల సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. 1000 నుండి 1500 సీసీ వరకు 3,416 రూపాయలు. అంతకు మించినచో 7,897 రూపాయలు. వరంగల్లునుండి విశాఖపట్నమునకు కాపురము మార్చినను ఆ అంకె మారదు. సొంత కారునకు కలుగు నష్టమునకై తీసుకొను బీమాలో మాత్రము హైదరాబాదు వంటి మహానగరములకు ఒక తరగతి, తక్కిన ఊళ్ళకు ఒక తరగతి అను భేదము కొంత కలదు.

అమెరికాలో అట్లు కాదు. అచ్చట బీమా వ్యాపారము రాష్ట్రముల ఏలుబడిలోనిది. బీమా పాలసీ వ్రాయుట అంతర్రాష్ట్ర వాణిజ్యము కాదని 1869లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1944లో అదే న్యాయస్థానము ఆ అభిప్రాయమును మార్చుకొన్నది. రాష్ట్రములు కలవరపడగా 1945లో కాంగ్రెసు మెకారన్-ఫెర్గుసన్ చట్టమును చేసి, బీమాపై అదుపును రాష్ట్రముల చేతనే ఉంచినది. నాటినుండి నేటివరకు రాష్ట్రమున కొక విధమైన చట్టము. కారునకు బీమాను నిర్బంధము చేసిన మొదటి రాష్ట్రము మసాచుసెట్సు. అది 1927లో అమలునకు వచ్చినది. న్యూహాంప్‌షైరు రాష్ట్రము నేటికిని సామాన్య నడుపరులకు ఆ నిర్బంధము పెట్టలేదు. అనగా రాష్ట్రపు సరిహద్దు దాటినచో బీమా విషయమున వేరొక దేశమునకు పోయినట్లే.

కారణములు చెప్పుటకు ముందు పాలసీలోని భాగములను పరిచయము చేయుదుము. మొదటిది బాధ్యత బీమా. మన తప్పువలన ఇతరుల దేహమునకో ఆస్తికో నష్టము కలిగినచో కంపెనీ చెల్లించునది. దీనిని మూడంకెలతో వ్రాయుదురు. ఒహాయోలో కనీసము 25/50/25. అనగా గాయపడిన ఒక్కొక్కరికి 25 వేల డాలర్లు, ఒక ప్రమాదమున గాయపడినవారందరికి కలిపి 50 వేలు, ఇతరుల ఆస్తికి 25 వేలు. ఇది కంపెనీ చెల్లించు గరిష్ఠ మొత్తమని గుర్తుంచుకొనవలెను. రెండవది ఢీకొన్నప్పుడు మన సొంత కారు బాగుచేతకై తీసుకొను కొలిజన్ బీమా. మూడవది దొంగతనము, అగ్ని, వడగండ్లు, వరద, దారికడ్డము వచ్చిన జింక మున్నగువాటివలన కారునకు కలుగు నష్టమునకై తీసుకొను కాంప్రిహెన్సివ్ బీమా. నాల్గవది మన వైద్య వ్యయమునకు సంబంధించినది. ఐదవది, మనలను ఢీకొన్నవానికి బీమా లేనిచో, లేక చాలనిచో మనకు అక్కరకు వచ్చునది.

ఈ అయిదింటిలో ప్రతి దానిని చోటు ప్రభావితము చేయును. పెద్ద నగరమున కార్లు క్రిక్కిరిసియుండును గనుక ఢీకొనుటలు ఎక్కువ. కొన్ని పేటలలో దొంగతనములు ఎక్కువ. టెక్సాసు, కొలరాడోలలో వడగండ్లు కార్ల పైకప్పులను సొట్టలు పెట్టును. ఫ్లారిడాలో తుపానులు వరద తెచ్చును. ఆసుపత్రి బిల్లులు ఒకచోట నున్నట్లు మరియొకచోట ఉండవు. బీమా లేకయే నడుపువారు ఎక్కువగానున్న చోట వారివలని నష్టమును బీమా కలవారే పంచుకొనవలసివచ్చును. కంపెనీ ఈ వ్యయములన్నియు ప్రాంతమువారీగా లెక్క వేసి, ఆ ప్రాంతమున కారు రాత్రివేళ నిలుచు ప్రతి యింటికిని పంచును. ఒకే నగరమున నాలుగు మైళ్ళు జరిగి కాపురము పెట్టినను రుసుము మారుటకు ఇదియే హేతువు.

వీటన్నిటికన్న బలమైనది చట్టము. ప్రమాదము జరిగినప్పుడు గాయపడినవాని వైద్యమునకు ఎవరు చెల్లింపవలెను? అనేక రాష్ట్రములలో తప్పు ఎవరిదో తేల్చి, వాని బీమాచేత చెల్లింపజేయుదురు. మరికొన్ని రాష్ట్రములలో తప్పెవరిదైనను ఎవరి వైద్యమునకు వారి బీమాయే మొదట చెల్లించును. దీనినే నో-ఫాల్ట్ పద్ధతి యందురు. మసాచుసెట్సులో 1971 జనవరి 1 నుండి ఇది అమలునకు వచ్చినది. న్యూయార్కు, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఫ్లారిడా, మిచిగను మున్నగు రాష్ట్రములు తరువాత ఏదో ఒక రూపమున దానిని అవలంబించినవి. గాయపడినవానికి వేగముగా సొమ్ము చేరవలెనని దీని సంకల్పము. కాని ఆ సొమ్ము ముందుగా రుసుము రూపమున వసూలు కావలసినదే గదా.

ఒక ఉదాహరణము తీసుకొందము. ఒహాయోలోని టొలీడో నగరమునకును మిచిగనులోని డెట్రాయిటునకును నడుమ దూరము సుమారు 60 మైళ్ళు. కారులో గంట ప్రయాణము. డెట్రాయిటు పరిసరములలోని కార్ల కర్మాగారములలోను, వాటి ననుబంధించిన సంస్థలలోను ఎందరో తెలుగు ఇంజనీర్లు పనిచేయుచున్నారు. టొలీడోనుండి అచ్చటికి కాపురము మార్చిన కుటుంబమునకు రుసుము పెరిగినచో అందుకు మూలము 1973లో కనబడును. ఆ యేడు మిచిగను నో-ఫాల్ట్ పద్ధతిని చేపట్టి, కారు ప్రమాదమున గాయపడినవానికి జీవితాంతము, పరిమితి లేని వైద్య వ్యయమును బీమాయే భరింపవలెనని శాసించినది. వెన్నెముక విరిగి మంచము పట్టినవానికి నలుబది యేండ్లు సేవ చేయవలసివచ్చినను ఆ వ్యయము బీమాదే. ఇంతటి ఉదారమైన రక్షణ చాల రాష్ట్రములలో లేకుండెను. దాని వెలయు అంతటిదే అయ్యెను.

ప్రజల మొర విని ఆ రాష్ట్రము 2019లో చట్టమును సవరించినది. 2020 జూలై నుండి కొనుగోలుదారునకు ఎంపిక కలిగినది. వైద్య రక్షణను పూర్వమువలె అపరిమితముగా నుంచుకొనవచ్చును. 5 లక్షల డాలర్లకు గాని, రెండున్నర లక్షలకు గాని పరిమితము చేసికొనవచ్చును. పేదలకై ప్రభుత్వము నడుపు మెడికెయిడ్ సహాయము పొందువారు 50 వేల డాలర్లతో సరిపెట్టుకొనవచ్చును. ఎంపిక పత్రము సరిగా పూర్తి చేయనివారికి అపరిమిత రక్షణయే కోరినట్లు భావింతురు. కావున క్రొత్తగా వచ్చినవారు ఏజంటు ముందు పెట్టిన పత్రమును చదువక సంతకము చేసినచో, తమకు అక్కరలేని వెల చెల్లించుటయో, అక్కరకు రావలసిన రక్షణను వదలుకొనుటయో సంభవించును.

ఈ ఎంపికలో ఒక మెలిక కలదు. ఉద్యోగమిచ్చిన సంస్థ వలన మంచి ఆరోగ్య బీమా గలవారు, ఆ బీమా కారు ప్రమాదపు గాయములకును వర్తించునని వ్రాతమూలకముగా చూపినచో, కారు పాలసీలోని వైద్య భాగమును చాలవరకు విడిచిపెట్టుటకు వీలున్నది. రుసుము బాగుగా తగ్గును. అయితే కొన్ని సంస్థల ఆరోగ్య బీమా కారు గాయములకు వర్తింపదు. వర్తించినను ఇంటికి వచ్చి సేవ చేయు దాదికి చెల్లింపదు. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి: ఉద్యోగము పోయిననాడు ఆరోగ్య బీమాయు పోవును. అప్పుడు 30 దినములలోగా కారు పాలసీలో వైద్య భాగమును తిరిగి చేర్చుకొనవలెను. వీసాపై కొలువు చేయువారు ఉద్యోగము పోయినప్పుడు వీసా చింతలో మునిగి దీనిని మరచుటకు ఎంతయో అవకాశమున్నది. ఆ గడువు దాటిన తరువాత ప్రమాదము జరిగినచో ఆదుకొనువారు లేరు. ఈ మార్గము పట్టినవారు ఆ గడువును ఇంటి పంచాంగముపై వ్రాసిపెట్టుకొనుట మంచిది.

మిచిగను విషయమున ఒహాయోవాసికి తెలియని మరియొక సంగతి కలదు. ఒహాయోలో ఎదుటివాని తప్పువలన మన కారు చెడినచో వాని బీమా బాగుచేయించును. ఆ ధైర్యముతో పలువురు పాత కారునకు కొలిజన్ బీమాను మానుకొందురు. మిచిగనులో ఆ ధైర్యమునకు చోటు లేదు. అచ్చట తప్పు ఎదుటివానిదే యైనను మన కారు బాగుచేత మన భారమే. వానినుండి మినీ-టార్ట్ అను పద్ధతిని 3,000 డాలర్ల వరకు మాత్రమే రాబట్టవచ్చును. ఇరువది వేల డాలర్ల విలువ గల కారునకు ఒహాయో అలవాటు చొప్పున కొలిజన్ మానినవాడు, ఎర్రదీపమువద్ద బుద్ధిగా నిలిచియుండగా వెనుకనుండి ఎవరో వచ్చి గుద్దినను, 17 వేల డాలర్లు నష్టపోవచ్చును. ఒక రాష్ట్రమున వివేకమైనది మరియొక రాష్ట్రమున అవివేకమగుట ఇట్లు.

రాష్ట్రము మారినంతనే భారము పెరుగునని నియమము లేదు. కొందరికి తగ్గును. దీనికిని చట్టమే కారణము. అనేక రాష్ట్రములలో కంపెనీలు నడుపరి అప్పుల చరిత్రను, అనగా క్రెడిట్ వివరములను చూచి రుసుము కట్టును. క్రొత్తగా దేశమునకు వచ్చిన విద్యార్థికి అప్పు లేదు. అప్పు లేదు గనుక చరిత్రయు లేదు. చరిత్ర లేనందున అతనికి ఎక్కువ రుసుము పడును. అప్పు చేయకుండుట గుణమని విని పెరిగిన మన పిల్లలకు ఇది వింతగా నుండును. కాలిఫోర్నియా, మసాచుసెట్సు, హవాయి రాష్ట్రములలో కారు బీమాకు క్రెడిట్ వివరములు చూడరాదు. కాలిఫోర్నియా ప్రజలు 1988 నవంబరులో ఓటు వేసి 103వ ప్రతిపాదనను నెగ్గించిరి. దాని ప్రకారము అచ్చట ముఖ్యముగా చూడవలసినవి మూడు: ప్రమాదములు, నేరములు లేక నడిపిన చరిత్ర, ఏడాదికి నడుపు మైళ్ళు, నడపుటలోని అనుభవపు ఏండ్లు. రుసుము పెంచదలచిన కంపెనీ ముందుగా రాష్ట్రపు బీమా కమిషనరు అనుమతిని పొందవలెను. హవాయిలో వయస్సును, స్త్రీపురుష భేదమును, అనుభవపు ఏండ్లను సైతము లెక్కకు తీసికొనరాదు.

ఇంతవరకు చోటు సంగతి చెప్పితిమి. ఇక మన చేతిలోనున్నది చెప్పుదుము.

మొదటిది, ఇల్లు అద్దెకు తీసికొనుటకు ముందే ఆ చిరునామాకు బీమా వెల అడుగుట. రెండు ఇండ్లలో ఒకదానిని ఎన్నుకొనునప్పుడు అద్దెలోని భేదమును మాత్రమే చూతుము. నెలకు 50 డాలర్లు తక్కువ అద్దె గల ఇల్లు బీమాలో నెలకు 80 డాలర్లు ఎక్కువ లాగవచ్చును. వెల అడుగుటకు డబ్బు చెల్లింపనక్కరలేదు. ఒక్క కంపెనీతో తృప్తిపడక, ఒకే విధమైన రక్షణకు, ఒకే అంకెలతో, నాలుగైదు చోట్ల అడుగవలెను. పాత రాష్ట్రమున చౌకగా ఇచ్చిన కంపెనీయే క్రొత్త రాష్ట్రమునను చౌకగా ఇచ్చునని నమ్మరాదు; కొన్ని కంపెనీలకు అచ్చట వ్యాపారమే ఉండదు. పలు రాష్ట్రముల బీమా శాఖలు మచ్చు రుసుముల పట్టికలను ప్రజల సౌకర్యార్థము ప్రకటించుచున్నవి.

రెండవది, తెంపు లేకుండ చూచుకొనుట. పాత పాలసీ ముగిసిన దినమునకును క్రొత్తది మొదలైన దినమునకును నడుమ ఖాళీ యుండినచో కంపెనీలు దానిని దోషముగా పరిగణించి వెల పెంచును. క్రొత్త పాలసీ మొదలైన తరువాతనే పాతదానిని రద్దు చేయవలెను. వాడుకొనని దినముల రుసుము తిరిగి వచ్చును. న్యూయార్కు విడిచిపోవువారు మరియొక నియమము గుర్తుంచుకొనవలెను: అచ్చటి నంబరు పలకలను అప్పగించిన తరువాతనే బీమాను రద్దు చేసికొనవలెను. క్రొత్త రాష్ట్రమున కారును నమోదు చేయించుటకు గడువు కాలిఫోర్నియాలో 20 దినములు, టెక్సాసులో 30 దినములు. నమోదునకు ఆ రాష్ట్రపు బీమా పత్రము కావలెను గనుక బీమా పనియే ముందు చూచుకొనవలెను.

మూడవది, మన చరిత్రను మనమే చూచుకొనుట. గడచిన 7 ఏండ్లలో మనము బీమా సొమ్ము కోరిన ప్రతి సందర్భమును క్లూ అను నివేదికలో చేర్చుదురు. దానిని ఏడాది కొకసారి ఉచితముగా తెప్పించుకొనుటకు మనకు హక్కున్నది. ఇతరుల ప్రమాదము మన పేర పొరపాటున పడియుండినచో సరిచేయింపవచ్చును. క్రెడిట్ నివేదికను చూచి ఎక్కువ రుసుము కట్టిన కంపెనీ ఆ సంగతిని మనకు తెలుపవలెనని 1970 నాటి కేంద్ర చట్టము నిర్దేశించుచున్నది. ఇక మన దేశమున పదేండ్లు కారు నడిపిన అనుభవమును చాల కంపెనీలు లెక్కింపవు, కొన్ని లెక్కించును. అడిగినవారికే అది తెలియును. ఇచ్చటి డ్రైవింగు లైసెన్సును భద్రముగా వెంట తీసికొనిపోవుట ఈ కారణముచేత మంచిది.

నాల్గవది, మన వంతును పెంచుకొనుట. కారు బాగుచేతలో మొదటి కొంత మొత్తము మనము భరింపవలెను. దానిని డిడక్టిబుల్ అందురు. దానిని 500 డాలర్లనుండి 1,000కి పెంచినచో రుసుము తగ్గును. అయితే ఆ 1,000 డాలర్లు ఎప్పుడును బ్యాంకిలో సిద్ధముగా నుండవలెను. కారు బాగుగా పాతబడి, దాని విలువ రెండు మూడేండ్ల కొలిజన్ రుసుమునకు మించనిచో ఆ భాగమునే మానుకొనవచ్చును. మిచిగనువంటి చోట పైన చెప్పిన సంగతిని తలచుకొని మరీ నిర్ణయింపవలెను. పెన్సిల్వేనియా, న్యూజెర్సీలలో మరియొక ఎంపిక కలదు. బాధకు, వేదనకు పరిహారము కోరి దావా వేయు హక్కును చాలవరకు వదలుకొన్నచో రుసుము తగ్గింతురు. తీవ్రమైన గాయములకు మాత్రము ఆ హక్కు నిలుచును. వదలుకొనుచున్నది ఏమో తెలిసియే వదలుకొనవలెను.

ఐదవది, అడిగిన గాని దొరకని తగ్గింపులు. అద్దె ఇంటి సామానుకు చేయు చిన్న బీమాను కారు బీమాతో కలిపి ఒకేచోట తీసికొన్నచో రెంటిపైనను కొంత తగ్గును. రెండు కార్లకు ఒకే పాలసీ, మొత్తమును ఒకేసారి చెల్లించుట, ఇంటినుండి పనిచేయుటవలన తగ్గిన మైళ్ళను తెలుపుట, మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థిని చూపుట, వీటన్నిటికి పలు కంపెనీలు తగ్గింపు నిచ్చును. న్యూయార్కులో ప్రమాద నివారణ శిక్షణ పొందినవారికి బాధ్యత, కొలిజన్ రుసుములలో 10 శాతము చొప్పున 3 ఏండ్లు తగ్గింపవలెనని చట్టమే చెప్పుచున్నది. సెల్‌ఫోను ద్వారా మన నడకను గమనించి వెల కట్టు పద్ధతియు వ్యాపించినది. నెమ్మదిగా, పగటివేళ నడుపువారికి అది లాభించును. అర్ధరాత్రి పాళీలలో పనిచేయువారు చేరుటకు ముందు నియమములను చదువుకొనుట మేలు.

ఇక తగ్గింపరానివి రెండు కలవు. వీటిని గట్టిగా చెప్పుట మా విధి.

ఒకటి, అబద్ధపు చిరునామా. టొలీడోలోని మిత్రుని యింటి చిరునామా నుంచుకొని డెట్రాయిటులో కాపురముండుటకు పలువురు ప్రలోభపడుదురు. అందరును చేయుచున్నదే గదా అని నచ్చజెప్పువారును ఉందురు. మన పాలసీ పట్టుకొని ఇతర రాష్ట్రములలో ప్రయాణము చేయవచ్చును; పాలసీ అచ్చట చెల్లును. ప్రయాణము వేరు, నివాసము వేరు. కారు ప్రతి రాత్రి ఎచ్చట నిలుచునో దానిని దాచినచో అది మోసమగును. ప్రమాదము జరుగువరకు ఎవరును పట్టుకొనరు. జరిగిననాడు కంపెనీ మొదట వెదకునది అదియే. ఇంటి అద్దె పత్రము, జీతపు చీటి, పిల్లల బడి, అన్నియు నిజము చెప్పును. పాలసీని మొదటినుండియు చెల్లనిదిగా ప్రకటించినచో, అన్నాళ్ళు కట్టిన రుసుము ఆపదవేళ అక్కరకు రాకుండపోవును. పైగా మోసపు నేరము మీద పడినచో వీసాపై నున్నవారికి అది మరొక ముప్పు. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా ఇదియే.

రెండవది, బాధ్యత బీమాను చట్టము కోరిన కనీసమునకు దించుట. ఒక లెక్క చూతము. 25/50/25 అంకెలు గల నడుపరి తప్పువలన ఒకడు గాయపడెననుకొందము. వాని ఆసుపత్రి వ్యయము 90 వేల డాలర్లనుకొందము. కంపెనీ 25 వేలు చెల్లించి తప్పుకొనును. తక్కిన 65 వేలకు గాయపడినవాడు నడుపరిపై దావా వేయవచ్చును. నెలనెల జీతమునుండి మినహాయింపు చేయించుకొనవచ్చును. రాష్ట్రములే ఈ అంకెలు చాలవని గ్రహించుచున్నవి. కాలిఫోర్నియా తన 15/30/5 కనీసమును 2025 జనవరి 1 నుండి 30/60/15కు పెంచినది. ఉత్తర కెరొలైనా 2025 జూలై నుండి 50/100/50 చేసినది. బాధ్యత అంకెలను రెట్టింపు చేసినను రుసుము రెట్టింపు కాదు. పొదుపు చేయదలచినవారు తమ కారు బంపరుపై చేయవలెను గాని, ఎదుటివాని ప్రాణముపైనను, తమ జీతముపైనను చేయరాదు.

మన కుటుంబములకు సంబంధించిన మాట మరియొకటి. తల్లిదండ్రులు ఆరు నెలల వీసాపై పిల్లల యింటికి పోయినప్పుడు, కుమారుని కారులో పోవుచు వారు గాయపడినచో వారి వైద్యమునకు కుమారుని పాలసీ వర్తించునని తలచి నిశ్చింతగా ఉండరాదు. ఇంటిలో స్థిరముగా నివసించు బంధువులకును, అతిథులకును చట్టము భేదము చూపును. వారు రాకముందే ఏజంటును వ్రాతమూలకముగా అడిగి జవాబు తీసికొనవలెను. ప్రయాణపు ఆరోగ్య బీమాను విడిగా తీసికొనవలెను. మామగారైనను బావమరిదియైనను కొన్ని వారములపాటు కారు నడుపబోవుచున్నచో ఆ సంగతిని ముందే కంపెనీకి తెలుపవలెను.

ఇన్ని చేసినను భారము మోయలేనివారి గతి యేమి? వారికిని దారి కలదు. ఏ కంపెనీయు బీమా ఇయ్యనొల్లని నడుపరులకు బీమా దొరకునట్లు రాష్ట్రములు ఏర్పాటు చేసియున్నవి. అయితే దాని వెల సాధారణముగా ఎక్కువ. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయము గల మంచి నడుపరులకై చౌక బీమా పథకమును 1999లో చట్టము చేసి ప్రారంభించిరి. నేడది ఆ రాష్ట్రమంతట దొరకుచున్నది. కంపెనీ అన్యాయముగా వెల కట్టినదనిపించినచో రాష్ట్రపు బీమా శాఖకు ఫిర్యాదు వ్రాయవచ్చును. అందుకు వకీలుతో పనిలేదు. క్రొత్త రాష్ట్రమున మొదటి రుసుమే శాశ్వతమనియు అనుకొనరాదు. పాలసీలు తరచుగా ఆరు నెలలకే ముగియును. అచ్చటి లైసెన్సు చేతికి వచ్చి, కొంత చరిత్ర ఏర్పడిన తరువాత మరల నాలుగుచోట్ల వెల అడిగినచో తగ్గు అవకాశము కలదు.

ఇల్లు మార్చువారు గిన్నెలు, పుస్తకములు, పిల్లల బట్టలు లెక్కవేసి మూటగట్టుదురు. ఆ జాబితాలో బీమా పాలసీని కూడ చేర్చి, అందులోని ఒక్కొక్క పంక్తిని క్రొత్త రాష్ట్రపు చట్టముతో సరిచూచుకొన్నచో లెక్క చూచి బెదరవలసిన పని యుండదు. చోటు వలన వచ్చిన భారమును ఒప్పుకొని, మన చేతిలోనిదానిని ఓపికతో తగ్గించుకొని, ఆపదవేళ అక్కరకు వచ్చుదానిని మాత్రము చెక్కుచెదరకుండ నిలుపుకొనుట మంచిదని మా మనవి.